ఎర్ర పాలడబ్బా

ఫిబ్రవరిలో క్యూమి నది మీద మంచు
లారీ ఎక్కినా పగలనంత మొండిగా ఉంటుంది.
తొమ్మిదైతే గానీ కిటికీలో వెలుగు తెల్లబడదు.
ఆ చీకట్లోనే, టేబుల్ దీపం కింద,
నేను కత్తెర పదును పెడతాను.

మా అపార్టుమెంటు మెట్లదారికి
ఏటా పద్నాలుగో తేదీ లోపు దండ కట్టేది నేనే.
ఎవరూ కట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు.
ఫిన్లాండులో ఆ రోజుకి పేరు స్నేహితుల దినం.
మా భాషకి సిగ్గెక్కువ,
ప్రేమ అన్న మాటని
క్యాలెండరులో అచ్చేయడానికి మనసొప్పలేదు.
నాకూ అదే నయం.
స్నేహమైతే కార్డు ఎవరికైనా ఇవ్వచ్చు,
పళ్ళ డాక్టరుకి కూడా.

దుకాణంలో దండలు ఉన్నాయి. కొనను.
ఏడాది పొడుగునా కాఫీ ప్యాకెట్లు కడిగి
తువ్వాళ్ళ పక్కన ఆరేసి
మంచం కింద పేరుస్తాను.
పైన బొమ్మ, లోపల వెండి.
తిరగేసి కత్తిరిస్తే
చెంచా వీపులో లాగా
మన మొహం వంకరగా, కానీ మెరుస్తూ.

పోయినేడు నలభై ఆరు.
ఈ ఏడు పదిహేడు.
మంచం కిందకి చీపురు పెట్టి మరీ వెతికాను.
ధర పెరిగింది కదా, అందుకే తగ్గించి ఉంటాననుకున్నాను.
చాలాసేపు అలాగే అనుకున్నాను.

ఎదురింటి సిర్కా ఏప్రిల్లో
మోకాళ్ళు మొరాయించి
లిఫ్టున్న బిల్డింగుకి మారిపోయింది.
రెండో కప్పుని ఇప్పుడు కడగక్కర్లేదు,
దుమ్ము దులిపితే చాలు.

సరే, వెండి తక్కువైతే ఎరుపు ఎక్కువ వేద్దాం.
ఎరుపంటే మాకు వెన్న తీయని పాల డబ్బా.
నా ఫ్రిజ్‌లో పదేళ్ళుగా నీలం డబ్బాలే,
రక్తంలో కొవ్వు చూసి డాక్టరు రాసిచ్చిన రంగు.
నీలం హృదయాలు కడితే
మెట్లదారి ఆసుపత్రిలా ఉంటుంది.

రాత్రి పదింటికి, మైనస్ పద్దెనిమిదిలో,
నుదుట టార్చి కట్టుకుని
అట్టల తొట్టిలో నడుం దాకా వంగాను.
ముప్పై ఏళ్ళు కార్టన్ మిల్లులో చేసినదాన్ని,
అట్ట అంచు తగిలితే
ఏ మెషీన్ కోసిందో చెప్పగలిగిన వేళ్ళు ఇవి,
గ్లవ్సుల్లో మొద్దుబారి తడుముతున్నాయి.

"ఏం పోయింది?" వెనక నుంచి గొంతు.
కింది అంతస్తు ఉర్పో.
లాండ్రీ గది పుస్తకంలో నా గురువారం కొట్టేసి
తన పేరు రాసుకున్న మనిషి.
పదకొండేళ్ళుగా మా మధ్య
తలుపు వేసుకునే చప్పుడే సంభాషణ.
"ఎరుపు," అన్నాను తొట్టిలోంచి.
అంతకన్నా పొడుగైన జవాబు
ఆ చలిలో గడ్డకట్టేది.

మర్నాడు నా తలుపు పిడికి ఒక సంచి.
తొమ్మిది ఎర్ర డబ్బాలు, కడగనివి,
పులిసిన కంపు మూడో అంతస్తు దాకా.
అడుగున ఒక హృదయం.
చేపలు కోసే కత్తితో కోసినట్టుంది,
ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం,
మధ్యలో బార్‌కోడ్ అడ్డంగా.

చేతిలో పట్టుకుని కిందికి దిగాను.
"కడగకుండా ఇస్తారా ఎవరైనా?"
"కడిగేదానివి నువ్వు కదా."
"మడత పెట్టడం కూడా రాదు నీకు."
"నీ అంత రాదు," అన్నాడు.
తిడదామని నోట్లో ఉన్న మాట
ఎటు పోయిందో.

దండ కట్టాను. వెండి, ఎరుపు, వెండి, ఎరుపు,
మూడో మెట్టు దగ్గర వరస తప్పింది, విప్పలేదు.
ఆ వంకర దాన్ని దిద్దుదామని కత్తెర తెరిచి
మళ్ళీ మూసి
సిర్కా ఖాళీ తలుపు ఎదురుగా కట్టాను.

పద్దెనిమిదో ప్యాకెట్ ఈ సాయంత్రం తెరిచాను.
ఉర్పో తన పాలు తనే తెచ్చుకున్నాడు,
నా కప్పులోనూ అడక్కుండా ఒంపాడు.
గురువారం సంగతి ఇద్దరం ఎత్తలేదు.
పళ్ళ డాక్టరుకి ఫర్వాలేదు,
రెండో డాక్టరుకి మాత్రం చెప్పకండి.
డబ్బాలో ఇంకా సగం ఉంది,
అది ఖాళీ అయితే గానీ
నా కత్తెరకి పని లేదు.