రేవు బయట ఓడలు

జ్ఞానాపురంలో మా కిటికీ గట్టు
రాత్రి తుడిస్తే తెల్లారేసరికి మళ్ళీ నలుపు.
పోర్టు బొగ్గు.
ఆగమన కాలం మొదటి ఆదివారం
ఊదారంగు కొవ్వొత్తి ముట్టించే ముందు
ఆ మసి మీద వేలితో నాలుగు గీతలు గీశాను,
వారానికొకటి.
సోమవారానికి అవీ లేవు.

ప్రభువు బాట చక్కపరచండి, అన్నారు గుడిలో.
నాకు తెలిసిన బాట
కాన్వెంటు జంక్షన్ దగ్గర లారీల కింద నలిగే రోడ్డు.
చక్కపరచడమంటే
చీపురు, తడిగుడ్డ, సున్నం బకెట్టు అనుకున్నాను.
తెరలు ఉతికాను.
నక్షత్రానికి వెదురు బద్దలు కట్టాను.
మంచం కింది రేకు డబ్బా మాత్రం జరపలేదు.

అందులో అమ్మ ఆసుపత్రి కాగితాలు,
వాటి మధ్య మా అన్న ఇన్నాసి రాసిన లెక్క:
ఎవరెంత పెట్టారో, ఎవరు పెట్టలేదో.
కేజీహెచ్ వరండాలో ఆ కాగితం నా చేతికిచ్చాడు.
అప్పటికింకా అమ్మ ఒళ్ళు వెచ్చగానే ఉంది.
నాలుగేళ్ళు.
మల్కాపురం ఎంత దూరమని? ఒక్క బస్సు.

రెండో ఆదివారం సాయంత్రం
నాన్నా నేనూ మేరీమాత కొండెక్కాం.
మెట్ల మలుపు మలుపుకీ ఆగుతాడు,
ఆయాసం వల్ల కాదట, సముద్రం చూడ్డానికట.
యారాడ కొండ అవతల మసక నీళ్ళ మీద
పదకొండు ఓడలు.
అంతంత ఇనుపకొండలు, ఎక్కడెక్కణ్ణించో వచ్చి
గుమ్మం ముందు నిలబడిపోయాయి.
"వాటికి దారి తెలీదా నాన్నా?"

ముప్పై రెండేళ్ళు పైలట్ లాంచి మీద పనిచేసినవాడు
పై కండువాతో మెడ తుడుచుకున్నాడు.
"సంద్రమంతా తెలుసు దానికి. రేవే తెలీదు.
ఆఖరి రెండు మైళ్ళూ ఓడ తనంతట తాను రాకూడదే పిల్లా.
ఇక్కణ్ణించి మనిసెల్లాల.
చీకట్లో, కెరటం లేచినప్పుడు చూసి
తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఎక్కాల."
"మరి ఓడేం చెయ్యాలి?"
"ఏటుంది? దీపం ఎట్టుకోవాల.
నిచ్చెన కిందికి దించుకోవాల."

దిగుతుంటే నేనేం మాట్లాడలేదు.
ఇన్ని డిసెంబర్లు నేనే ఈదుకుంటూ వెళ్ళాలనుకున్నాను,
పాపాలన్నీ మూటగట్టి, చేతులు నొప్పెట్టేలా.

ఆ వారమే బంగాళాఖాతంలో వాయుగుండం.
పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
శుక్రవారం రాత్రి కరెంటు పోయింది.
పక్కింటి అప్పలకొండమ్మ తడిసిన తలతో తలుపు కొట్టింది:
మనవడికి జ్వరం, ఇంట్లో అగ్గిపుల్ల వెలుగు లేదు.
నా దగ్గరున్నదల్లా గులాబీ రంగు కొవ్వొత్తి,
మూడో ఆదివారం దాకా ముట్టుకోకూడనిది.
సంతోషం ఆదివారానిది.
ఒక్క నిమిషం ఆలోచించాను, అబద్ధమెందుకు.
తర్వాత ఇచ్చేశాను.

పొద్దున్నే తిరిగి తెచ్చింది, బెత్తెడు మిగిలింది.
"తెల్లారగట్ల చెమటలు పట్టాయమ్మా, ఆడుకుంటన్నాడు."
ఆదివారం ఆ ముక్కనే ముట్టించాను,
రెండు ఊదావాటి మధ్య పొట్టిగా, వంకరగా.
నాన్న దాన్నే చూస్తూ కూచున్నాడు.

రాత్రి డబ్బా లాగాను.
లెక్క కాగితం వెనక్కి తిప్పితే
అమ్మ కోసం ఇన్నాసి రాసుకున్న మందుల వేళలు,
ఆరింటికి, రెండింటికి, పదింటికి,
ఒక్కటీ తప్పకుండా టిక్కులు.
ఇన్నేళ్ళూ నేనా వైపు చూడనే లేదు.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు.
సరే.
వీధి తలుపు గడియ పెట్టకుండా దగ్గరికేసి పడుకున్నాను.
కిటికీలో దుమ్ము రాలుతూనే ఉంది.

ఏ రెండింటప్పుడో
రేవు వైపు నుంచి ఒక ఓడ కూత, పొడుగ్గా.
నాన్న నిద్రలోనే ఒత్తిగిలి
"ఎక్కీసినాడు," అన్నాడు.