అట్ట మాత్రమే

కాశీబుగ్గ శాఖా గ్రంథాలయంలో
మూడు వేల ఆరొందల పుస్తకాలకి
మొహాలు ఎక్కించే పని నాది.
ఒక్కో అట్టకి రెండుంపావలా.
బొమ్మ రెండొందల కేబీ దాటకూడదు,
ఫైలుకి పుస్తకం నంబరే పేరు కావాలి,
పట్టుకున్న వేలు కనబడితే
పైనుంచి వెనక్కి కొడతారు.

మొదటి వారం హాయిగానే నడిచింది.
ఓ నవలలో కథానాయిక పెదవి మీద
ఎవడో బాల్‌పెన్నుతో మీసం పెట్టాడు.
చెరిపెయ్యనా అని అడిగాను.
కూర్మారావు గారు కళ్లజోడు పైకి నెట్టి
"మీసం పెట్టినోడూ మన మెంబరే గదా,
ఉండనీ" అన్నారు.

నంబరు దొరకని పాతవాటికి
సిస్టమే తోచిన బొమ్మ తెచ్చి తొడుగుతుంది.
పచ్చళ్ల పుస్తకం మీద రాకెట్టు,
పశువైద్యం మీద పెళ్లికూతురు.
ఏదీ తోచకపోతే బూడిదరంగు గడి,
గడిలో రెండే ముక్కలు:
చిత్రం లేదు.

అసలు చిక్కు కాలికో బైండు వరసతో వచ్చింది.
నాలుగొందల పుస్తకాలు, ఒకటే వక్కరంగు.
ఒకే తాను గుడ్డలంటారే, అక్షరాలా అవే.
బైండరు బలగ నీలయ్య చేతిపని.
చిరిగిన అట్టల్ని ఏం చేసేవాడో
ఆయన పోయాక అడగడానికి ఎవరూ లేరు.

ఆదివారం ఆదివారం దాలెమ్మ వస్తుంది
జీడిపిక్కల బట్టీ నుంచి.
సొన తినేసిన వేళ్లు.
రేషను మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా
నువ్వు నువ్వు కాదంటుందట.
ఆవిడకి పుస్తకాల పేర్లతో పనిలేదు.
"పడవుంటాది బాబూ,
పడవలో దీపముంటాది,
దీపం ఎట్టినోళ్లు మాత్తరం ఉండరు.
సగందాకా సదివినాను.
తతిమ్మాది తిత్లీ అట్టుకుపోనాది."

ఆ తుపాను తాగిన నీళ్లు
ఇంకా కక్కుతూనే ఉన్నాయి కొన్ని పుస్తకాలు.
ముప్పై మూడొందల ఆరు బల్ల మీద పెట్టగానే
అంచు దగ్గర బుస్సుమని విచ్చుకుంది.
గుడ్డ కింద అట్ట,
అట్టలో పొరలు,
మైదా జిగురు, చెదల మన్ను,
ఓ పంచాంగం ముక్క,
దాని కింద నీలం.
నీలంలో పడవ.

నీలయ్య ఏమీ పారేయలేదన్నమాట.
ఒకదాని మొహం ఇంకోదానికి వెన్నుగా పెట్టాడు.

చాకు వెనక్కి తిప్పి గంటసేపు ఒలిచాను,
దాలెమ్మ పప్పు ఒలిచినట్టు, విరక్కుండా.
స్కాను చేశాను. నూట ఎనభై ఒక్క కేబీ.
నంబరు కొట్టు అంది.
కొట్టాను.
ఈ పుస్తకం లేదు అంది.
రిజిస్టరు తీస్తే ఎర్రసిరా గీత:
తుపానులో నష్టం, తొలగించడమైనది.

పుస్తకానికి బొమ్మ లేకపోతే ఓ గడి ఉంది.
బొమ్మకి పుస్తకం లేకపోతే
ఆ గడైనా లేదు.

ఆదివారం దాలెమ్మకి చూపించాను.
చెయ్యి చీరకి తుడుచుకుంది గానీ ముట్టుకోలేదు.
"లోపలిదో?"
లేదమ్మా.
కాసేపు కిటికీ వైపు చూసింది.
"అయితే ఇదే ఇయ్యి. పదేను రోజులు."

నేను కూర్మారావు గారి వైపు చూశాను.
ఆయన రూల్సు వైపు చూడలేదు.
స్టాంపు మీద ఊది, తారీకు తిప్పి,
అట్ట వెనక గట్టిగా ఒక్కటి గుద్దారు.

పదమూడో రోజునే తెచ్చిచ్చింది,
కేలెండరు కాయితంలో చుట్టి.
ఏం చేశావు దీంతో అంటే
"ఏటి సేస్తాను? సూసినాను."

దీపం పక్కన, కుడి మూల,
గోధుమరంగు మరక. జీడి సొన.
బొటనవేలు, ఒక్క గీతైనా లేకుండా.

మళ్లీ స్కాను చేశాను.
నూట తొంభై నాలుగు.
పేరు దగ్గర తెలియదు అని,
పేజీల దగ్గర సున్నా అని,
రకం దగ్గర అట్ట మాత్రమే అని కొట్టి
పైకి పంపించాను.

వేలు కనబడుతోంది.
ఇంకా వెనక్కి కొట్టలేదు.