కొక్కెం

పుస్తకంలో ఉంది, చదివి వినిపించాను కూడా:
ఈ కారు ట్రైలర్ లాగడానికి చేసింది కాదు.
విజ్మా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
"నేను పుస్తకాన్ని అడగట్లేదు ఇల్గ్వార్స్,
నిన్నడుగుతున్నా."

కుర్జెమె మట్టిదారుల్లో
ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన మనిషి.
తలుపు తీసేదాకా గుమ్మం దిగేది కాదని పేరు.

ఆమె పాత డీజిల్ వ్యాను గడగడకి
పెట్టెల్లోని తేనెటీగలు కత్తులు నూరేవట.
ఈ హైబ్రిడ్‌ది పిల్లినడక.
అందుకే కొన్నది, అప్పు చేసి,
వెనక కొక్కెం ఉందో లేదో చూడకుండానే.

సరే. శనివారం పొద్దున్నే బంపర్ విప్పాను.
పదకొండు క్లిప్పుల్లో నాలుగు విరిగాయి.
విరిగిన ప్రతిసారీ ఆమె బల్ల మీద
ఒక పొద్దుతిరుగుడు గింజ పెట్టింది,
లెక్క కోసం.

అడుగున నారింజరంగు కేబుల్
తిన్న పాములా పడుకుని ఉంది.
దాని జోలికి పోకు, అన్నాను.
పోతే?
పోతే మీ ఇంటికే ఒక టెలిగ్రాం.
"ఆ ఉద్యోగం మానేశాగా," అంది.

దీపాల తీగలు మరీ నాజూకు.
తిన్నగా కలిపితే కారు మెదడు అలుగుతుంది.
మధ్యన చిన్న పెట్టెను కూర్చోబెట్టాను, మధ్యవర్తిలా.
కరెంటు బ్యాటరీ నుంచి విడిగా తెచ్చాను.
ఎడమకి వేస్తే ఎడమే వెలిగింది,
మూడోసారికి.

చివరికి ఇనప గుండు.
పిడికిలంత కూడా లేదు.
ఈ కాస్త దాన్ని నమ్ముకునా ఇంత బరువు, అనుకుంటూనే
గ్రీజు పూశాను.

నొగ మీద భారం తక్కువైతే ట్రైలర్ తోకాడిస్తుంది,
ఎక్కువైతే కారు ముక్కెత్తి చుక్కలు చూస్తుంది.
స్నానాలగదిలోని తూకం పట్టుకొచ్చింది విజ్మా.
నొగ కింద పెట్టాం. నలభై ఆరు.
ముందు పెట్టెను జానెడు వెనక్కి జరిపాం. ముప్పై ఎనిమిది.
ఇక దాన్ని కదపొద్దన్నాను.

ఆగస్టు. పదింటికి గానీ చీకటి పడలేదు.
ఆఖరి ఈగ ఇల్లు చేరాక
గుమ్మాలకు స్పాంజి కుక్కి బయల్దేరాం,
ఆరు పెట్టెలు, ఇద్దరం,
హెదర్ పూసిన ఇసుకనేల వైపు.

కుల్దీగ దారిలో దిగుడు.
ఇంజను ఊపిరి బిగబట్టింది.
వెనకనుంచి నెడుతున్న బరువుకి
తెరమీద బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే లేచాయి.
"చూడు, కరెంటు పోస్తున్నాయి పిల్లలు," అంది.
నేను శాస్త్రం చెప్పబోయి
ఊరుకున్నాను.

గండం చివర్లో వచ్చింది.
తోటలోకి వెనక్కి ఎక్కించాలి. చిన్న ఎత్తే,
కానీ ఇసుక.
వెనక్కి నడిపే పని ఈ కార్లో మోటారొక్కదానిదే.
ఇంజను పక్కన నిలబడి కేకలేసింది గానీ
చెయ్యి వెయ్యలేదు.
పసుపు దీపం ఒకటి వెలిగి
మొండికేసింది కారు.

పుస్తకం చెప్పిందిగా, అననా?
అనలేదు.
కొక్కెం విప్పాను.
ఆమె ఒక మూల, నేనొక మూల,
అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లూ యాభై ఏళ్ల నడుమూ
ఆరు ఊళ్లను గట్టు మీదికి తోశాయి.
చెక్కలోంచి అరచేతికి, అరచేతిలోంచి మోచేతికి
ఎక్కింది రొద.
ఏ మోటారుదీ కాదది.

పైకి చేరాక విజ్మా
ఒక్కో మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది,
చెవి ఆనించింది.
లోపల్నుంచి బుస్సుమని జవాబు.
"ఇంట్లోనే ఉన్నారు," అంటూ
తర్వాతి పెట్టెకు వెళ్లింది.

సోమవారం బిల్లు రాశాను:
గుండు, బోల్టులు, తీగ, మధ్యవర్తి పెట్టె, క్లిప్పులు నాలుగు.
తోసిన లెక్క ఏ గడిలో రాయాలో తోచలేదు.
ఆమె నిదానంగా చదివి, పెన్నడిగి
క్లిప్పులు కొట్టేసింది.
"విరగ్గొట్టింది నువ్వేగా."