ఒక సీను ఆలస్యం

వారాసిగూడల మా రెండర్రల పోర్షన్.
శనారం తెలుగు సినిమా, ఐతారం హిందీ.
టీవీకి చెక్క తలుపులు, తలుపులకు తాళం,
తాళంచెవి నాయిన మొలతాడుకు.
అజామాబాదు ఫ్యాక్టరీల ఓవర్‌టైములు చేసి
పద్దెనిమిది కిస్తుల మీద తెచ్చిన పెట్టె,
అంత తేలికగా తెరుస్తాడా!

అద్దం ముందర ఇంకో అద్దం,
సుల్తాన్‌బజార్ల కొన్న రంగుల ప్లాస్టిక్కుది:
పైన నీలం, నడుమ నారింజ, కింద పచ్చ.
ఎవరు నిలబడ్డా నెత్తి ఆకాశంల, కాళ్ళు గడ్డిల.
జైల్ల పడ్డ మనిషికి సైతం గడ్డే.
అది కలర్ టీవీ కాదంటే మాత్రం
బడిల కొట్లాటకు దిగేదాన్ని.

మిద్దె మీద భూమన్న
రామంతాపూర్ దిక్కు ఏరియల్ తిప్పుతూ,
"వచ్చిందా?"
"వచ్చింది!"
"ఇప్పుడో?"
"పోయింది, పోయింది, ఆ... అట్లనే పట్టుకో!"
అట్లనే పట్టుకుని, దోమల నడుమ,
సగం సినిమా చెవులతోనే చూసిండు పాపం.

పక్క పోర్షన్ హలీమా ఆపా
తన చాప తనే తెచ్చుకునేది, చాయ్ గిన్నెతో సహా.
అమ్మ సర్వపిండి నడుమ పెట్టేది.
అంచు మాడిన ముక్క కోసం
చీకట్ల ఎవరి చెయ్యి ఎవరిదో.

గోడకు ఆనుకుని అండాళత్త.
నాయిన చెల్లెలు, పుట్టు చెవుడు.
నా జాగా ఆమె ఎదురుంగ,
టీవీకి వీపు పెట్టి.
మెడ తిప్పి చూసుడు, చేతులతో చెప్పుడు,
మళ్ళా మెడ తిప్పుడు.
మీసం మెలేస్తే విలన్,
ముక్కుపుడక తాకితే హీరోయిన్,
రెండు వేళ్ళు కలిపితే పాటొచ్చిందని.
పాటలకు నాకు సెలవు.

ఐతారం పని ఎక్కువ.
తెర మీది మాట హలీమా ఆపాకు అందాలె,
ఆమె నోట్లె సగం తెలుగవ్వాలె,
మిగిలిన సగం అమ్మ సరిచెయ్యాలె,
నా వేళ్ళ మీదికి దిగాలె.
అత్త కండ్లకు చేరేసరికి
తెర మీద వేరే ఊరు, వేరే పొద్దు.
అందుకే అత్త నవ్వు ఎప్పుడూ ఒక సీను ఆలస్యం.
అక్కడ పాడె లేస్తుంటే
ఇక్కడ ఆమె కడుపు పట్టుకుని నవ్వేది.

ఏడుపు మాత్రం అందరికన్న ముందు.
డాక్టరు కండ్లద్దాలు తీయకముందే
కొంగు నోట్లె కుక్కుకునేది.
ఎవడు అబద్ధమాడుతున్నడో
వాడు నోరు తెరవకముందే వేలెత్తి చూపేది.
ఒక్కసారన్నా తప్పలె.

ఒక ఐతారం, వానకాలం,
సినిమా నడుమ గొంతు పోయింది.
బొమ్మ ఉంది, మాట లేదు.
నాయిన పెట్టెను చరిచిండు, ఎడమ పక్క, కుడి పక్క.
భూమన్న పైనుంచి కేకలు.
"అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న అట్ట పడుతదేమోనని చూస్తే
అదీ పడలె.
తెర మీద ఇద్దరు పెదవులు కదిపి కదిపి
ఏదో పెద్ద మాటే అనుకున్నరు.
హలీమా ఆపా నాయిన దిక్కు, నాయిన అమ్మ దిక్కు,
అమ్మ నా దిక్కు.
నేను అత్త దిక్కు.

అత్త కొంగు బొడ్ల దోపింది.
లేచి టీవీ పక్కకొచ్చి నిలబడ్డది.
నీలం వెలుగు ఒక చెంప మీద, పచ్చ పాదాల మీద.
చేతులు ఎత్తింది.
వాడు వీనికి అన్న, తెల్వదు వీనికి.
ఉత్తరం ఆమె రాసింది కాదు.
ముసలోడు ఊరికే దగ్గుతున్నడు, చావడు.
వెనక్కి తిరిగి నేను మాటల్లో చెప్తున్న,
ఈసారి నేనే ఆలస్యం.
భూమన్న ఎప్పుడు దిగొచ్చిండో,
గడపల తడిసి నిలబడి చూస్తుండు.

అరగంటకేమో, గుర్రుమని గొంతు తిరిగొచ్చింది.
హలీమా ఆపా లేచింది.
నాయినను అడగలె,
బొత్తం తిప్పింది, తగ్గించే దిక్కుకు,
మొత్తం.
సర్వపిండి చల్లారిపోయింది.

ఆ సినిమా ఏదో నాకు ఇప్పటికీ తెల్వదు.
పాత సినిమాలు నడుస్తుంటే ఎక్కడన్నా
ఒక ఉత్తరం, దగ్గే ముసలోడు కనపడితే
గబుక్కున చానెల్ మారుస్త.
ముసలోడు చచ్చిపోతడేమోనని.