ఐదో అంకె

కౌనస్‌లో మంచు ఇంకా వదలని మార్చి.
ఆల్దోనా తన ఆంప్లిఫయర్‌కి దుప్పటి చుట్టి
పిల్లల మంచుబండి మీద లాక్కొచ్చింది.
"దీపం వెలుగుతుంది, పాట రాదు.
మా ఆయన పక్కన రెండు దెబ్బలేస్తే పలికేది.
ఇప్పుడు నా మాట వినడం లేదు."

స్విచ్ వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు...
ఐదో అంకెకి టక్కుమనాలి రిలే.
అనలేదు.

నోరు మెదపని వాడి మీదే కదా ముందు నింద.
కొత్త రిలే వేశాను, పన్నెండు యూరోలు.
అదీ అనలేదు.

అప్పుడు తీశాను మీటరు. ముందే తీయాల్సింది.
పాజిటివ్ వైపు ముప్పై ఎనిమిది వోల్టులు,
నెగటివ్ వైపు పదకొండు, అదీ వణుకుతూ.
పెద్ద కెపాసిటర్ నెత్తి పొంగి ఉంది,
దాని కాలి దగ్గర, టంకం చుట్టూ
వెంట్రుకంత పగులు.
దెబ్బ పడినప్పుడల్లా కాసేపు అతుక్కున్నది అదే.

రిలే చేసిన తప్పేం లేదు.
స్పీకర్ కాలిపోతుందని
తలుపు తీయనంది, అంతే.
పాతదాన్నే మళ్ళీ పెట్టాను,
మసిపట్టిన మొనలు స్పిరిట్ కాగితంతో తుడిచి.

కొత్త కెపాసిటర్. కొత్త టంకం.
వరసలో బల్బు పెట్టి కరెంటిచ్చాను.
బల్బు ఒక్కసారి భగ్గుమని మసకబారింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
టక్.

ఆల్దోనా ఉలిక్కిపడింది.
ఇన్నేళ్ళూ ఆ చప్పుడు
ఆయన దెబ్బలో కలిసిపోయి
విడిగా వినపడనే లేదట.

డబ్బిచ్చి, తలుపు దగ్గర ఆగింది.
"ఇక కొట్టక్కర్లేదా?"
"అక్కర్లేదు."

దుప్పటి సర్దుతూ
వేలి కణుపుతో, పక్కన,
రెండుసార్లు తట్టింది.
నేను వంగి
రాలని స్క్రూల కోసం నేలంతా వెతికాను.