తీగ పద్దు

కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
నిలువుగా ఒక గీత కొట్టాను.
ఎడమవైపు వస్తువు, కుడివైపు రూపాయి.
చిట్టీ ఎత్తితే వచ్చింది ఇరవై రెండు వేలు.
నాలుగు వేలు గ్యాస్ పొయ్యికి అప్పుడే పోయాయి.
మిగిలినదాంతో
లాలాగూడలో, రైల్వే గోడ పక్క గల్లీలో,
మేడమీది రేకుల గదిలో
షార్ట్‌వేవ్ స్టేషన్ ఒకటి పెట్టాలి.

నల్లా బిల్లుల సెక్షన్‌లో పదిహేడేళ్ల గుమాస్తాని.
లెక్క తప్పడం నాకు చేతకాదు.

మొదటి పద్దు, సెట్టు.
కొత్తదాని ధర చదివి కళ్లజోడు తుడుచుకున్నాను.
తుడిచాక కూడా సున్నాలు అన్నే ఉన్నాయి.
కోఠి గుజరాతీ గల్లీలో సిబ్గతుల్లా సాబ్
బల్ల కిందనుంచి ఒకటి లాగాడు,
గోనె కప్పుకుని పడుకున్న మేకపిల్లని లాగినట్టు.
"దీనికి వినడం వచ్చు బేటీ, మాట్లాడ్డమే మరిచిపోయింది.
రెండు ట్రాన్సిస్టర్లు మారిస్తే అదీ గుర్తొస్తుంది."
పదకొండు వేలన్నాడు, ఎనిమిదన్నాను.
రెండు చాయ్‌లు చల్లారాయి.
తొమ్మిదిన్నర దగ్గర
ఇద్దరం కొద్దికొద్దిగా నష్టపోయాం.

పవర్ సప్లై రాణిగంజ్ తుక్కులో, రెండు వేల ఒక వంద.
కేబుల్ మీటరు నలభై, పదిహేను మీటర్లు.
ఎర్తింగ్‌కి రాగి కడ్డీ, బొగ్గు, ఉప్పు.
ఉప్పు ఇంట్లోదే, కొట్టేశాను.
లైసెన్సు అర్జీలో "ఉద్దేశం" అన్న గడి దగ్గర
ఒక పూట పోయింది. పూటకి విలువ కట్టలేదు.
"వినడానికి" అని రాసి, కొట్టేసి,
"ప్రయోగం" అని రాశాను.
ఆఫీసులకి ఏ మాట నప్పుతుందో నాకు తెలుసు.
పిడుగు నుంచి కాపాడే డబ్బీ ఖరీదెక్కువని తీసేశాను.
ఆ సాయంత్రమే మౌలాలి గుట్ట మీద ఉరిమింది.
మళ్లీ చేర్చాను.

చివర్న తీగ.
అన్నిటికంటే చౌక, మూడు వందల నలభై.
కానీ నలభై మీటర్ల అలకి
సగం పొడుగు కావాలి, ఇరవై మీటర్లు, నిటారుగా.
మా మిద్దె పదకొండుకే అయిపోతుంది.
మిగతా తొమ్మిది గల్లీ దాటి
రెబెకమ్మ మిద్దె మీదికి పోవాలి.

రెబెకమ్మకీ నాకూ మాటల్లేక నాలుగేళ్లు.
నల్లా బిల్లు గొడవ.
పొరపాటు లేదని సంతకం పెట్టింది నేనే.
పొరపాటుంది. తరవాత తెలిసింది.
తెలిశాక ఇంకా గట్టిగా తల తిప్పుకుని నడిచాను.

ఈ పద్దుకి కుడివైపు ఏం రాయాలి?
మూడు రోజులు ఖాళీగా ఉంచాను.
ఏ దేశపు రాత్రిలోనో ఎవరో పలుకుతారని
ఇంత ఖర్చు పెట్టే మనిషిని,
పది అడుగుల గల్లీ నాకు దాటరాలేదు.

ఆదివారం, చర్చి నుంచి ఆమె వచ్చేవేళకి
గేటు దగ్గర నిలబడ్డాను.
"మీ మిద్దె మీద ఒక గుంజ పాతుకుంటాను."
ముందు అదే అన్నాను, పిరికిదాన్ని.
ఆమె తాళం తీస్తూనే ఉంది.
"ఆ బిల్లు... తప్పు నాదే."
తాళంచెవి ఆగింది,
రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆగినట్టు.
"తీగ మీద బట్టలారేసుకోవచ్చా?" అంది.
"వద్దు, నేను మాట్లాడేటప్పుడు ముట్టుకుంటే కాలుతుంది."
"నీ మాటకి మొదట్నుంచీ ఆ గుణం ఉంది,"
అంటూ గేటు తీసే ఉంచి లోపలికి పోయింది.

బిల్లు వెనక జాగా అయిపోయింది.
అంచు వెంట సన్నగా రాశాను:
వెదురు గుంజలు రెండు.
రెబెకమ్మకి నైలాను దండెం, డెబ్బై.
అప్పటి బిల్లు తేడా, పదహారు వందల నలభై.
వడ్డీ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కూడి చూస్తే మైకుకి మిగల్లేదు.
వచ్చే నెల జీతంలో చూడాలి.

అందాకా వింటాను.
రాత్రి పదకొండు దాటి, వర్క్‌షాపు సద్దుమణిగాక
ముల్లు మెల్లగా తిప్పుతుంటే
ఎక్కడో ఎవరో నాకు రాని భాషలో
అంకెల్లాంటివేవో ఒకటొకటిగా చదువుతున్నారు.
లెక్క కుదిరినట్టుంది, గొంతు నిమ్మళంగా ఉంది.
ఎదుటి మిద్దె మీద కొత్త దండేనికి
తువ్వాలొకటి చీకట్లో నీళ్లు కారుస్తోంది.