నోట్లో గుండుసూదులు

ఇరవై ఆరేళ్లు ఆమె మాట్లాడింది,
నేను విన్నాను.
కుట్టేదాని నోట్లో ఎప్పుడూ గుండుసూదులే,
"ఊఁ" అనడం తప్ప ఏం చేతనవుతుంది?
ఇవాళ సూదులన్నీ తీసి
తగరపు డబ్బాలో పోశాను.

అర్జీలియా టిడ్‌వెల్ మొదటిసారి
మొబీల్ రేవు వెనక సందులో నన్ను వెతుక్కుంటూ వచ్చినప్పుడు
ఒంటిమీద పిండిబస్తా గౌను.
వీపు మీద మిల్లు పేరు
నీలంగా ఇంకా కనిపిస్తూనే ఉంది.
చర్చిలో పాడాలి, మంచిది కుట్టమంది.
టేపు చుట్టి "ఊపిరి తీసుకో" అన్నాను.
తీసుకుంది.
టేపు నా వేళ్లలోంచి జారిపోయింది.
మూడున్నర అంగుళాలు!
పదిహేడేళ్ల బక్కపిల్ల,
ఆ పక్కటెముకల వెనక ఏం దాచుకుందో!
అప్పట్నుంచి ఆమె బట్టలన్నీ
ఊపిరి నిండాక కొలిచినవే.

న్యూయార్కులో ఇత్తడి బాకా ముందు నిలబెట్టి పాడమన్నారట.
మొదటి మాటకే మైనం మీద సూది గంతేసిందట.
రెండడుగులు వెనక్కి,
ఇంకో రెండు,
చివరికి తలుపు దాకా.
"మనల్నెప్పుడూ తలుపు దగ్గరే నిలబెడతారు గానీ హెస్టర్,
ఈసారి కారణం వేరు" అంది.
నల్లపిల్ల గొంతు ఎవరు కొంటారని నసిగిన కంపెనీ
నెల తిరక్కుండా మూడుసార్లు అచ్చేసింది.
ఆమె చేతికొచ్చింది ముప్పై డాలర్లు,
తిరుగు టికెట్టు.
అందులో ఏడు నాకు,
ముదురాకుపచ్చ పట్టు కోసం.

తర్వాత నేనూ వెంట తిరిగాను.
ఇంజను వెనక పెట్టె మనది.
బొగ్గునుసి పడకుండా ట్రంకు మీద తడిదుప్పటి,
మా మీద ఏమీ లేదు.
మెరిడియన్‌లో ఆమె పేరు కరెంటు దీపాల్లో వెలిగింది,
ఆ ఊళ్లోనే పడుకోడానికి గది దొరకలేదు.
శవపేటికలు చేసే గ్రీన్‌లీ గారు తలుపు తీశారు.
ఖాళీ పెట్టెల మధ్య పరుపేసుకుని
"ఇక్కడ గురకపెట్టేవాళ్లుండరు" అంది,
అని, తెల్లారేదాకా తనే పెట్టింది.

సొంతూరి థియేటర్లో పాడిన రాత్రి
కింద మఖమల్ కుర్చీలన్నీ తెల్లవాళ్లవి.
మనవాళ్లకి పక్కసందులోంచి ఇనుప మెట్లు,
పైకప్పుని తాకే చెక్కబెంచీలు.
ఊరందరి దుప్పట్లూ ఉతికి మోకాళ్లరిగిన వాళ్లమ్మ
మధ్యలో రెండుసార్లు కూర్చుని ఎక్కింది.
తెర వెనక గౌను వేసుకుని
అర్జీలియా గడ్డం పైకెత్తి చూసింది.
ఇంకా ఎత్తింది.
కాలరు గొంతుకి అడ్డం పడింది.
"కత్తిరించు."
పూసలు కుట్టిన కాలరు, పదకొండు రాత్రుల పని!
సూదులు నోట్లో ఉండగానే అరిచాను.
"కిందివాళ్లకి ఎలాగూ వినిపిస్తుంది" అంది,
"నేను పాడేది అమ్మ కూర్చున్న చోటికి."

కత్తిరించాను.
పూసలు నేల మీద దొర్లాయి.
ఆ రాత్రి ఆమె ఒక్కసారీ కిందికి చూడలేదు.
ముందు వరసవాళ్లకి కనిపించింది
ఎత్తిన గడ్డం, కదిలే గొంతు, అంతే.
పొద్దున పేపరు వినయం తక్కువని రాసింది.

తర్వాత పాడొచ్చిన పిల్లలందరూ
కాలరు లేని గౌనే కావాలనేవారు.
ఫ్యాషననుకున్నారు.
నేను చెప్పలేదు.

కంపెనీ దివాలా తీసింది.
ఆమె పాటలున్న రాగిపలకలు పాతసామాన్లవాడికి పోయాయి,
ఎవరింటి గిన్నెలయ్యాయో.
దీపాలు చిన్నవయ్యాయి, హాళ్లు చిన్నవయ్యాయి.
టేపు మీద అంకె మాత్రం తగ్గలేదు.

మళ్లీ మెరిడియన్‌లోనే,
నలభైమంది ముందు పాడి వచ్చి
చెప్పులు విప్పుతూ వాలిపోయింది.
గ్రీన్‌లీ గారు ముసలివారయ్యారు, చేతులు వణుకుతున్నాయి.
ఆకుపచ్చ పట్టు, కాలరు లేదు,
పక్కన మూడున్నర అంగుళాలు వదిలి కుట్టాను.
ఆయన గుడ్డని రెండువేళ్లతో పట్టుకుని
"ఇంత వదులెందుకమ్మా ఇప్పుడు?" అన్నారు.
నోట్లో సూదులున్నాయి.
ఊఁ, అన్నాను.

గ్రీన్‌లీ గారూ,
అది వదులు కాదు.